పట్టుకొనుటకు

సాయంత్రం పూట అమలాపురంలో రిటైరైనవాళ్ళం కొందరం లైబ్రరీ అరుగు మీద కూర్చుంటాం. పేపర్లు చదవడం అయ్యాక వాటి మీద మాట్లాడుకోవడం మొదలవుతుంది. మొన్నొకరోజు, ఎక్కడో దూరదేశంలో ఎవరో ఒక పిస్తోలుని కోట్లు పోసి వేలంలో కొనుక్కున్నాడన్న వార్త వచ్చింది. ఎవరో పూర్వం ప్రత్యేకంగా చెప్పి చేయించుకున్న పిస్తోలట. కొన్నాయన దాన్ని పేల్చడట, అద్దాల బీరువాలో పెట్టుకుంటాడట.

"ఆ డబ్బుతో రెండు కాలేజీలు కట్టొచ్చండి," అన్నాడు మాలో ఉన్న లెక్కల మేష్టారు.

"కాలేజీ కడితే ఎవడు చూస్తాడండి. పిస్తోలైతే చుట్టాలొచ్చినప్పుడల్లా చూపించుకోవచ్చు," అన్నాడు బ్యాంకులో చేసి రిటైరైనాయన.

అందరూ నవ్వి నా వైపు తిరిగారు. రెవెన్యూ ఆఫీసులో నేను చాలాకాలం ఆయుధాల లైసెన్సుల సీటులో పనిచేశాను. ఆ సంగతి వాళ్ళకి తెలుసు.

"మీరు చెప్పండి. ఎన్ని తుపాకులు చూసేరో. అంత ఖరీదు పెట్టదగ్గ పిస్తోలనేది ఉంటదంటారా అసలు?"

"ఒకటుండేదండి," అని ఊరుకున్నాను. అరుగు మీద నాలుగు మాటల్లో చెప్పేది కాదది.

ఇంటికొచ్చి అటక మీద ఉన్న పాత డైరీలు దించాను. డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. గొప్ప సంగతులేమీ ఉండవు. ఎండా వానా, ఎవరొచ్చారు, ఇంట్లో ఏం కూర, అంతే. అయితే డెబ్బై రెండు నుంచి ఎనభై రెండు దాకా ప్రతి డిసెంబరులోనూ ఒకచోట ఒకే వాక్యం కనపడుతుంది. "పిస్తోలు బాబాయిగారు వచ్చిరి."

ఆయన పేరు రాయను. తన గురించి నలుగురూ మాట్లాడుకోవడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. రాజోలు అవతల, వశిష్ఠ గోదావరి గట్టుకి దగ్గర్లో ఆయన ఊరు. కొబ్బరితోటలున్న మనిషి. ఎనభైల చివర్లో పోయారు. ఆ కబురు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కోనసీమలో తుపాకులంటే బయటివాళ్ళు నవ్వుతారు, కాలవలూ కొబ్బరిచెట్లూ ఉన్నచోట తుపాకీతో ఏం పని అని. కానీ ఆ రోజుల్లో కాస్త భూమి ఉన్న ఇంట్లో గోడకి ఒక జోడుగొట్టాల తుపాకీ వేలాడడం పెద్దరికం కింద లెక్క. ఏటా డిసెంబరులో వాటిని మా ఆఫీసుకి తెచ్చి చూపించాలి. తుపాకీ మీద నెంబరూ లైసెన్సు పుస్తకంలో నెంబరూ ఒకటో కాదో నేను చూడాలి. ఆ రోజు మా వరండా పెళ్ళివారి విడిదిలా ఉండేది. ఒకాయన తన తాత కొట్టిన పులి గురించి చెప్పేవాడు. పక్కాయన, కోనసీమలో పులెక్కడిదండీ, అది మీ తాతగారు చూసిన పులివేషం అయ్యుంటది అనేవాడు.

ఈ సందడిలో ఆయన చివరి బల్ల మీద కూర్చుని తన వంతు కోసం చూసేవారు. పొడుగ్గా, సన్నగా, చలవ పంచె కట్టుకుని ఉండేవారు. ఉత్తరీయం ఎప్పుడూ ఎడమవైపు వేసుకునేవారు. ఎడం చెయ్యి ఎప్పుడూ దాని కిందే ఉండేది. బస్సు దిగినా, కాఫీ తాగినా, నమస్కారం పెట్టినా పనంతా కుడిచేత్తోనే. ఒడిలో చిన్న చెక్కపెట్టె ఉండేది, దాన్ని పాత పట్టుచీర ముక్కలో చుట్టి తెచ్చేవారు. ఆ ఎడం చేతికి వేళ్ళు లేవనీ, పడుచుతనంలో పిస్తోలు వెనక్కి పేలి ఎగిరిపోయాయనీ మా అటెండరు ఎవరో చెప్పగా విని, ఇంకో పదిమందికి చెప్పాడు. నేనూ నమ్మాను.

డెబ్బై రెండులో నేను ఆ సీటుకి వచ్చిన కొత్తలో ఆయన పెట్టె మొదటిసారి నా బల్ల మీద తెరిచారు. లోపల ఎర్ర మఖమలు. దాని మీద ఒకే గుండు పట్టే పిస్తోలు. ఇరుగుడు చెక్క పిడి నల్లగా నిగనిగలాడుతోంది. గొట్టం పొడుగునా వెండితీగతో కొబ్బరిమట్ట ఒకటి పొదిగారు. మట్టకున్న ఆకులన్నీ విడివిడిగా కనపడుతున్నాయి. గాలికి ఒక పక్కకి ఒరిగినట్టు కూడా ఉన్నాయి. నేను నెంబరు చూసుకుని పెట్టె ఆయన వైపు జరిపి, దరఖాస్తు అందుకున్నాను. ఆయుధము ఎందులకు అవసరము అన్నచోట, వంకరటింకర అక్షరాలతో ఒకే మాట ఉంది. "పట్టుకొనుటకు."

"ఇదేంటండి ఇలా రాసేరు?" అన్నాను.

"ఎందుకు కావాలో అడిగేరు కదండి. పట్టుకోడానికేనండి."

"అలా రాయకూడదండి బాబాయిగారూ. ఆత్మరక్షణ అనో పంటరక్షణ అనో రాయాలి. అందరూ అదే రాస్తారు."

"నా జోలికి ఎవరూ రాలేదండి ఇంతవరకూ. పంటంటారా, కోతులొస్తే మా పాలేరు పళ్ళెం వాయిస్తాడు, పోతాయి. దీన్ని చూస్తే కోతి భయపడదండి. దగ్గరికొచ్చి అందులో మొహం చూసుకుంటది."

వరండాలో వాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"లేని పని ఉందని రాయమంటారా, గుమాస్తాగారూ?" అన్నారు మెల్లిగా.

నేను ఆ కాగితాన్ని లోపలికి పట్టుకెళ్ళి మా ఆఫీసరుకి చూపించాను. ఆయన రిటైరవడానికి దగ్గర్లో ఉన్న పెద్దమనిషి. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ కట్టలో నిజం రాసిన దరఖాస్తు ఇదొక్కటేనయ్యా," అని సంతకం పెట్టారు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు, ముందాయన ఒప్పుకున్నాడు కదా అని పెడుతూ పోయారు.

ఆ బాబాయిగారు సంతకం పెట్టడం మా ఆఫీసులో ఒక వేడుక. కలాన్ని కుడిచేత్తో బిగించి పట్టుకునేవారు, మొండి ఆవుని పలుపు పట్టుకుని లాగుతున్నట్టు. నాలుక కొస పళ్ళ మధ్యకొచ్చేది. ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగేవారు. "బాబాయిగారూ, కాఫీ తాగొచ్చేస్తానండి, ఈలోపు పూర్తి చెయ్యండి," అనేవాడు మా అటెండరు. "ఆయ్, వెళ్ళిరండి. నాకింకా పొల్లులున్నాయి," అనేవారు ఆయన తలెత్తకుండా.

నా లెక్కలో ఆ పిస్తోలు వృథా ఖర్చు. నేను జీతం రాళ్ళతో ఇల్లు నడుపుకునేవాణ్ణి. వస్తువంటే వాడాలి, వాడనిది కొనకూడదు, ఇదీ నా పద్ధతి. ఒకసారి విచారణ పని మీద వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు ఆయన భార్య నాకు మజ్జిగ ఇచ్చి చెప్పింది.

"మా మావగారు పోయిన ఏడాది, నేను కాపరానికి రాకముందే, రెండెకరాల తోట అమ్మేసి చేయించేరండి దాన్ని. రెండెకరాలూ నా పట్టుచీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టుకున్నారు. కొబ్బరి దింపు రోజున దాన్నించి కాయలు మాత్రం రాలవు."

"మీరు అడగలేదా పిన్నిగారూ, ఎందుకని?"

"అడిగేనండి. చాలాసార్లు అడిగేను. నవ్వుతారు."

అరుగు మీద కూర్చున్న ఆయన అప్పుడూ నవ్వారు. ఉత్తరీయం సర్దుకున్నారు.

డెబ్బై ఆరు డిసెంబరులో ఆ నవ్వు వెనక సంగతి నాకు తెలిసింది. ఆ ఏడు తనిఖీ రోజున హైదరాబాదు నుంచి ఒక వ్యాపారి మా ఆఫీసుకి వచ్చాడు. పాత పిస్తోళ్ళు, కత్తులు పోగుచేసే సరదా ఉన్న మనిషి. ఈ పిస్తోలు గురించి ఎక్కడో విన్నాడట. బదిలీ చేయించుకోవాలంటే ఏ కాగితాలు కావాలో ముందే నన్నడిగి రాసుకున్నాడు, బేరం అయిపోయినట్టే. బాబాయిగారు రాగానే పెట్టె తెరిపించి, కొబ్బరిమట్ట మీద భూతద్దం పెట్టి చూశాడు. చూసేకొద్దీ అతని మొహం వెలిగిపోయింది.

"ఇలాంటి పనివాళ్ళు ఇప్పుడు లేరండి. ఏటేటా వీటి ధర పెరుగుతూనే ఉంటుంది. మీకు తెలుసా?"

"పెరిగితే నాకేంటండి. నేను అమ్మను కదా," అన్నారు ఈయన. "పట్టుకు చూడండి కావాలంటే."

వ్యాపారి పిస్తోలుని చేతిలోకి తీసుకున్నాడు. పట్టుకుని, మళ్ళీ సర్ది పట్టుకున్నాడు. బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక తిప్పలు పడ్డాడు. చివరికి బల్ల మీద పెట్టేశాడు.

"అంతా బాగుంది కానీ పిడి దగ్గర మీవాడు తప్పు చేసేడండి. గుంట ఉండాల్సినచోట ఎత్తు వచ్చింది. మీట కూడా అవతలి పక్కకి పోయింది. ఫరవాలేదు, నేను కొత్త పిడి వేయించుకుంటాను. ఆ తరుగు మాత్రం ధరలో తీసేస్తాను."

బాబాయిగారు మెల్లిగా ఉత్తరీయం పక్కకి తీశారు. ఎడం చెయ్యి బయటికొచ్చింది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఎండ తగలనట్టు తెల్లగా, నాజూగ్గా ఉంది ఆ చెయ్యి. పిస్తోలుని అందుకుంది. అందుకోవడం అని రాశాను గానీ, పిడి ఆ చేతిలోకి దానంతటదే వెళ్ళి కూర్చున్నట్టు అనిపించింది నాకు. ఎక్కడా సందు లేదు. బొటనవేలికి చోటు, చూపుడువేలికి చోటు, అరచేతి గుంటలో పిడి ఎత్తు. సంతకానికి అంత తిప్పలుపడే మనిషి చేతిలో గొట్టం కొస ఇసుమంతైనా కదల్లేదు.

వ్యాపారి తెలివైనవాడు. వెంటనే గ్రహించాడు.

"ఎడం చేతిదా? అయితే ఇంకా అరుదండి. నేనన్నదానికి రెట్టింపిస్తాను."

"ఎడం చేతికి ఎక్కువిస్తానన్న మనిషి మీరేనండి మొదట," అన్నారు బాబాయిగారు. పెట్టె మూసి, చీరముక్క చుట్టి, ముడేశారు. కుడిచేత్తోనే.

ఆ మధ్యాహ్నం బస్సుకి ఇంకా టైముంటే ఆయన్ని కాఫీ హోటలుకి తీసుకెళ్ళాను. ఇడ్లీ తిన్నారు. ఎడం చెయ్యి మళ్ళీ ఉత్తరీయం కిందికి వెళ్ళిపోయింది. దాని సంగతి ఆయనే చెప్పారు.

"పుట్టడం ఎడం చేతివాటంతోనే పుట్టేనండి. మా అమ్మ ముద్ద అందుకోబోతే ఈ చేతి మీద ఒకటేసేది. బళ్ళో మా మేష్టారు దీనికి గుడ్డ చుట్టి నడుముకి కట్టేసేవారు. ఆయన మంచివాడేనండి, నా మేలుకే చేసేరు. ఎవరికైనా ఏదైనా ఇస్తే, ఆ చేత్తో ఇస్తావా అని తీసుకునేవారు కాదు. పెళ్ళిలో మూడు ముళ్ళు వెయ్యడానికి నేను పడ్డ అవస్థ చూసి పురోహితుడుగారు నవ్వు ఆపుకోలేకపోయేరు. కొడవలి చూడండి, కత్తెర చూడండి, అన్నీ కుడిచేతివాళ్ళకే చేస్తారు. నాకు దేన్ని పట్టుకున్నా ఎవరిదో వస్తువు ఎరువు తెచ్చుకున్నట్టే ఉండేదండి."

"మరి పిస్తోలెందుకు చేయించేరండి? ఇంకేదైనా..."

"పిస్తోలు కోసం వెళ్ళలేదండి. మా నాన్నగారు పోయేక ఆయన తుపాకీ బాగుచేయించడానికి మద్రాసు వెళ్ళేను. అక్కడ కొట్లో ఒక ముసలి పనివాడుండేవాడు. గొడ్డుచాకిరీ చేసినట్టున్న చేతులు. గోడకి పిస్తోళ్ళున్నాయి, చూస్తూ నిలబడ్డాను. నీకు కావాలా అన్నాడు. ఊరికే, ఆయ్ అన్నాను. తడిమట్టి ముద్ద తీసి నా ముందు పెట్టి, ఏ చెయ్యి అన్నాడండి."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"ఏ చెయ్యి అని అడిగేడు. నాకు అప్పటికి పాతికేళ్ళు దాటేయి. ఆ మాట నన్నెవరూ అడగలేదండి అప్పటిదాకా. ఈ చెయ్యి జాపేను. దాంట్లో మట్టి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఆ మట్టి అచ్చు చూసి చెక్కేడు. ఎంతవుద్దో చెప్పేడు. ఊరెళ్ళి తోట అమ్మేను."

నేనొక లెక్క మనిషిని. అప్పుడు కూడా నాకు రెండెకరాలే గుర్తొచ్చాయి. "అయినా బాబాయిగారూ, రెండెకరాలంటే..." అన్నాను.

"ఎక్కువేనండి," అన్నారాయన. "ఎక్కువ కాదని నేనెప్పుడూ అనలేదు."

ఆ తర్వాత ఆరేళ్ళూ ఆయన మామూలుగానే వచ్చారు. మామూలుగానే కుడిచేత్తో సంతకం పెట్టారు. వరండాలో ఆ రోజు చూసినవాళ్ళు కొందరు బదిలీలయ్యారు, కొందరు మర్చిపోయారు. నేను మర్చిపోలేదు గానీ ఎవరితోనూ అనలేదు.

ఎనభై మూడు ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సున్న ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి, అయ్యాక తిరిగి తీసుకోవాలి. ఆయన ప్రతి ఎన్నికకీ అప్పగించేవారు. ప్రతిసారీ అది స్టేషను బీరువాలో అలాగే ఉండి, అలాగే తిరిగొచ్చేది. ఈసారి డిసెంబరు మొదట్లోనే, మా తనిఖీ కాగానే అప్పగించారు. జనవరి చివర్లో విడుదల ఉత్తర్వులు నేనే పట్టుకెళ్ళాల్సి వచ్చింది. ఆయనతో కలిసి ఆ స్టేషనుకి వెళ్ళాను.

అప్పగించిన ఆయుధాలు చూసుకునే కానిస్టేబులు కొత్తగా వచ్చినవాడు, ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. వాళ్ళ కుటుంబంలో జీతం తెచ్చుకునే మొదటి మనిషి. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"ముందు నేనొక మాట చెప్పాలండి," అన్నాడు. "క్రిస్మస్‌కి మా చర్చిలో కొవ్వొత్తులు పెట్టే ఇత్తడి స్తంభాలు ఏటా నేనే తోముతానండి. చింతపండు పెట్టి తోమి, ఎండలో పెట్టి, కొబ్బరినూనె రాస్తే అద్దంలా ఉంటాయి. ఇక్కడ మీ పిస్తోలు చూసేనండి. వెండి నల్లబడిపోయి ఉంది. ఇంత మంచి వస్తువు నా కాపలాలో ఇలా ఉంటే ఏం బాగుంటదని, వాటితోపాటు దీన్నీ..."

ఆగిపోయి చెయ్యి తీశాడు. బాబాయిగారు పెట్టె తెరిచారు.

వెండి కొబ్బరిమట్ట నిజంగానే మెరుస్తోంది. మిగతాదంతా తుప్పు. చింతపండు తడి కీళ్ళలోకి దిగి, దాని మీద నూనె పేరుకుని, మా గాలిలో ఉండే ఉప్పు కూడా కలిసి, నెల రోజుల్లో ఉక్కుని తినేసింది. మీట కదలలేదు. ట్రిగ్గరు కదలలేదు. గొట్టంలోకి చూస్తే ఎర్రగా పొడి. పెట్టెలోంచి కొబ్బరినూనె కంపు వచ్చింది.

"మీదేనండి తప్పు?" అన్నారు బాబాయిగారు.

"నాదేనండి. మా యస్సైగారు మీ ఆఫీసుకి రిపోర్టు రాసేరు. నేనూ అదే చెప్తానండి విచారణలో."

"చెప్తే ఏమవుద్దండి?"

దానికి జవాబు నేను చెప్పాను. ప్రభుత్వం కాపలాలో ఉన్న ఆయుధం పాడయితే ఉద్యోగం నిలవడం కష్టం, అది కొత్త ఉద్యోగమైతే మరీ కష్టం.

బాబాయిగారు ఎడం చెయ్యి బయటికి తీసి పిడి మీద వేశారు. ఇరుగుడు చెక్కకి కొబ్బరినూనె బాగానే పట్టింది, ఎప్పుడూ లేనంత నిగారింపు వచ్చింది. దాన్ని ఒకసారి నిమిరి, పెట్టె మూసేశారు.

"చర్చిలో స్తంభాలు ఎలా వచ్చేయండి?" అన్నారు.

"బాగా వచ్చేయండి," అన్నాడు అతను, కళ్ళు దించుకుని.

వారం తిరక్కుండా మా ఆఫీసులో విచారణ జరిగింది. అప్పటికి ఆఫీసరుగా వచ్చినాయన చిన్నవాడు, చట్టం తెలిసినవాడు. చెడ్డవాడని అనలేను. ఒక పక్క కానిస్టేబులు, ఒక పక్క బాబాయిగారు నిలబడ్డారు. కానిస్టేబులు నోరు తెరిచేలోపే ఈయన మాట్లాడారు.

"ఆ తుప్పు నా మూలానేనండి. అప్పగించేముందు నేనే చింతపండు పెట్టి తోమించేను. తడి ఆరకుండానే నూనె రాసి పెట్టెలో పెట్టేసేను. స్టేషనువాళ్ళకి తెలీదండి."

కానిస్టేబులు తల తిప్పి ఆయన్ని చూశాడు. "అది కాదండి..." అన్నాడు.

"మీరు ఆగండి. వస్తువు నాది కదా. ఏం చేసేనో నాకు తెలుసు," అన్నారు బాబాయిగారు.

పదేళ్ళుగా ఒక గడిలో ఒక చిన్న అబద్ధం రాయడానికి ఒప్పుకోని మనిషి గొంతు కొంచెం కూడా తడబడలేదు.

ఆఫీసరు నా వైపు చూసి, అప్పగించిన రోజు రసీదులో ఏముందో చదవమన్నారు. "పిస్తోలు ఒకటి, పెట్టెతో సహా," అని చదివాను. స్థితి గురించి ఒక్క మాట లేదు. కానిస్టేబులు మీద రిపోర్టు అక్కడితో మూసేశారు.

కానీ ఆఫీసరు బాబాయిగారి ఫైలు మూయలేదు. పాత దరఖాస్తులు తిరగేశారు.

"చూడండి పెద్దాయనా. మీ ఆయుధాన్ని మీరే పాడుచేసుకున్నట్టు చెప్పేరు. అవసరం ఏంటంటే పట్టుకొనుటకు అని రాసేరు. ఏ లెక్కన లైసెన్సు ఇవ్వమంటారు?"

"మీ లెక్క ప్రకారం ఇవ్వకూడదండి," అన్నారు బాబాయిగారు.

"డీలరుకి అమ్మెయ్యండి. లేదా పేలకుండా చేయించి లైసెన్సు అప్పగించండి. ఏం చేస్తారు?"

"రెండోది చేస్తానండి."

బయటికొచ్చాక కానిస్టేబులు వరండా చివర ఆయన్ని ఆపాడు. ఏం మాట్లాడుకున్నారో నేను పూర్తిగా వినలేదు. చివరికి బాబాయిగారు, "తోమినప్పుడు మీ చర్చిలో వస్తువుతో సమానంగా చూసేరు కదండి. దానికి నేను మిమ్మల్ని ఏమనగలను," అనడం మాత్రం వినపడింది. ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కి అతను భార్యాబిడ్డల్తో ఆ ఊరు వెళ్ళి కేకు ఇచ్చి వచ్చేవాడని ఆమధ్య అతనే చెప్పాడు. హెడ్డు కానిస్టేబులుగా రిటైరయ్యాడు.

ఆ ఎండాకాలంలో ఆయన చివరిసారి మా ఆఫీసుకి వచ్చారు. రాజమండ్రిలో తుపాకుల కొట్టువాళ్ళు గొట్టం పూడ్చేసి, లోపలి భాగాలు తీసేసి, ఇక ఇది ఆయుధం కాదని రాసిచ్చిన కాగితం తెచ్చారు. డిసెంబరు కాదు కాబట్టి వరండా ఖాళీగా ఉంది. పెట్టె తెరిచి, నేనడక్కుండానే పిస్తోలుని ఎడం చేతిలోకి తీసుకున్నారు. వెండి కొబ్బరిమట్ట మీద కిటికీలోంచి వెలుతురు పడింది.

"ఎలా ఉందండి?" అన్నాను.

"పేలదండి. ఇదివరకూ పేల్చలేదు." కాసేపు పట్టుకుని చూసుకున్నారు. "పట్టుకుంటే మాత్రం అలాగే ఉంది. దీనికిప్పుడు మీ అనుమతి కూడా అక్కర్లేదటగా?"

"అక్కర్లేదండి."

"ఆయ్," అన్నారు, చాలా తృప్తిగా.

లైసెన్సు అప్పగిస్తున్నట్టు ఆయన సంతకం పెట్టాల్సిన కాగితం తయారుచేసి బల్ల మీద పెట్టాను. కలం మాత్రం కాగితానికి ఎడం పక్కన పెట్టాను.

ఆయన దాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. పిస్తోలుని పెట్టెలో పెట్టి, అదే చేత్తో కలం తీసుకున్నారు. నాలుక బయటికి రాలేదు. ఆగలేదు. గట్టు దిగి వచ్చే నీళ్ళలా ఆయన పేరు ఈ కొస నుంచి ఆ కొసకి గుండ్రంగా, తేటగా వెళ్ళిపోయింది. పొల్లులతో సహా. ఆ చేతిరాత ఒక్కరోజులో వచ్చింది కాదు. ఎక్కడ, ఎప్పుడు నేర్చుకున్నారని అడిగితే, "గోదారి ఇసకలో రాసుకునేవాణ్ణండి. నీళ్ళొచ్చి తుడిచేసేవి," అన్నారు.

పక్క బల్ల నుంచి మా హెడ్డుగుమాస్తా వచ్చి, లైసెన్సు పుస్తకంలో పాత సంతకాల పక్కన ఈ కాగితం పెట్టి చూశాడు. వంకర అక్షరాల వరస ఒకవైపు, ఇది ఒకవైపు.

"ఇదేంటండి, సంతకం కలవట్లేదు. ఇది మీదేనా?"

"ఇది నాదేనండి," అన్నారు బాబాయిగారు. "ఆ పాతవన్నీ మా మేష్టారివి."

హెడ్డుగుమాస్తా అర్థంకాక నా వైపు చూశాడు. నేను కాగితం తీసుకున్నాను. పాత సంతకముతో సరిచూచితిని అని రాయాల్సిన చోట, ఆ మాట రాయకుండా, "నా ఎదుట పెట్టిన సంతకము," అని రాసి, కింద నా పేరు పెట్టాను.